జపాను చప్పట్లు, తాండూరు బండలు

వికారాబాద్,
18 మే 1975

తాండూరు బేగం సాహెబా గారికి,
వికారాబాద్ రాహేలమ్మ ఆదాబులు.

ఈస్టరు మరునాడు నేను వాడి జంక్షనుకు పోయే ప్యాసింజరులో ఉన్నాను. బండి తాండూరులో ఆగింది. ప్లాట్‌ఫారం మీద మీరు, మీ ఎర్రంచు చాదరు, చేతిలో మామిడికాయల సంచి. కిటికీలోంచి మూడుసార్లు పిలిచాను. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసిన గొంతు అది. స్టేషను మాస్టరు తిరిగి చూశాడు. పళ్ళ బండివాడు చూశాడు. మీరు చూడలేదు. సంతోషం.

ఇక్కడి సంగతి. మా మేడ మీద గదిలో రెండేళ్ళుండి మా బడిలో ఇంగ్లీషు చెప్పిన మిస్ పామెలా తన దేశం వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఒక రికార్డు ప్లేయరూ, బియ్యం డబ్బాలంత రెండు స్పీకర్లూ, పెట్టెడు రికార్డులూ నా నెత్తిన పెట్టింది. అన్నీ ఇంగ్లండు కుర్రాళ్ళ బ్యాండులే. ఒక బ్యాండు పేరు ‘ఎవరు’ అట. తల్లిదండ్రులు పేరు పెట్టకుండానే బజార్లోకి వదిలేసినట్టున్నారు. వాళ్ళ రికార్డుకు అట్ట మీద బొమ్మ కూడా లేదు, ఆఫీసు ఫైలులాగా గోధుమరంగు. ఏదో కాలేజీ భోజనశాలలో వాయించారట. మా హాస్టలు భోజనశాలలో చెంచా చప్పుడైతేనే నేను ఊరుకునేదాన్ని కాదు. ఇంకో బ్యాండు ‘దొర్లే రాళ్ళు’. వాళ్ళ అట్ట మీద డోళ్ళు మోస్తున్న గాడిద. రాళ్ళు గనక తాండూరుకే పంపాలి.

ఇవి మామూలు రికార్డులు కావు, ‘లైవ్’ రికార్డులట. తలుపులు మూసుకుని బుద్ధిగా పాడినవి కావు. వేలమంది ముందు వాయిస్తుంటే, ఆ వేలమంది ఈలలు, కేకలు, చప్పట్లు అన్నీ పాటతో కలిపి పట్టి అమ్ముతారు. జీవితమంతా ‘సైలెన్స్’ అని అరిచి బతికినదాన్ని, నా ఇంట్లోకి ఇంత గోల డబ్బాలో పెట్టుకుని వచ్చింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట విన్నప్పుడు పాట వెనక ఆ హోరు దుమ్మనుకున్నాను. కుంకుడుకాయలు కొట్టి, రసం తీసి, ఆరు రికార్డులు రుద్ది రుద్ది కడిగి డాబా మీద ఆరేశాను. మే నెల ఎండ. సాయంత్రానికి ఆరూ అప్పడాలయ్యాయి. ఒకటి మళ్ళీ పెట్టి చూశాను. సూది పడవలాగా లేచి పడుతోంది, హోరు మాత్రం పోలేదు.

జులేఖాకు సంబంధం కుదిరిందని నీ కొడుకు ఖుద్దూస్ చెప్పాడు. నీ మనవరాలి పెళ్ళి కబురు నీ కొడుకు స్టేషనులో టీ తాగుతూ చెబితే నాకు తెలియాలా?

జవాబు తెలుగులో రాయి. ఉర్దూ చదవడానికి నా కళ్ళద్దాలు ఒప్పుకోవడం లేదు. హాస్టల్లో నేను నేర్పిన తెలుగు ఎంత మిగిలిందో చూసి మార్కులు వేస్తాను.

నీ స్నేహితురాలిని అవునో కాదో నీ జవాబు చూసి తేల్చుకునే,
రాహేలమ్మ


తాండూరు,
29 మే 1975

రాహేలా,

ఇక్కడ ఖైరియత్. నువ్వు గూడ మంచిగున్నవని నీ నోరు చూస్తెనే సమజైంది.

స్టేషన్ల ఇంజను ఉండె. ఇంజను పక్కపొంటి నిలబడ్డోళ్ళకు ఎవ్వలు పిలిస్తె ఏం వినబడ్తది? గంతదానికి ‘మీరు’ అని రాస్తవా? నలభై ఏడేండ్ల దోస్తానీ మనది. జర సోయి ఉండాలె.

పిలగాని పేరు నిసార్. గుల్బర్గాల లెక్కల మాస్టరు. మంచోడే, మాట తక్కువ. మాట్లాడింది గూడ పెదవుల్లనే. ఈ కాలం పోరగాండ్లందరిది గొణుగుడే. మా ఖుద్దూస్‌నే చూడు. బండల వ్యాపారం చేస్తడు, గనిల నిలబడి ఊరంత వినబడేటట్టు ఒర్రుతడు, ఇంటికొచ్చి నాతోని మాత్రం గుసగుస.

పెండ్లి రంజాన్ పండుగ అయినంక, అక్టోబర్ 19. ముందటి దినం పగటీలి మాంజా. పిల్లకు పసుపు పెట్టే దినం మా ఇండ్లల్ల ఢోలక్ మీద మొదటి దెబ్బ ఇంటి పెద్దామెది, నీకు ఎర్కనే. ఆ దెబ్బ పడనిది ఎవ్వలు పాట ఎత్తరు. ఈ పాలి నేను వాయిస్తలేను. నా తోడికోడలు షరీఫా బొంరాస్‌పేట నుంచి వస్తది, ఆమెకు చెప్పిన. నాకు వేళ్ళు నొస్తున్నయి. ఉమర్ అయింది, ముసల్దాన్నయిన. ఇగ దీని మీద బహస్ వద్దు.

నీ గాడిద రికార్డులు పంపకు. జులేఖా మాత్రం ఎగురుతుంది, బి.ఏ. ఇంగ్లీషు కదా. నువ్వు పంపకు.

నీ
అష్రఫున్నీసా


వికారాబాద్,
20 జూన్ 1975

అష్రఫ్‌కు,

పదికి ఆరు. రెండు మార్కులు అబద్ధానికి తీసేశాను. వేళ్ళు నొస్తున్నాయని ఆ వేళ్ళతోనే రెండు పేజీలు ముత్యాల్లా రాశావు.

హాస్టల్లో నీ ఇనప ట్రంకు పెట్టె గుర్తుందా? దాన్ని బోర్లించి, ఒక చేత చెంచా పట్టి, ఇంకో అరచేత్తో వాయించేదానివి. వార్డెనమ్మ వచ్చి ‘ఎవరది?’ అంటే నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు. నాకు తాళమే రాదు. వారం రోజులు మెట్లు తుడిచాను. మెట్లు తుడిచినదాన్ని, నాకు బహస్ చేసే హక్కుంది. షరీఫా వాయిస్తే పాట ఒక రైల్లో పోతుంది, తాళం ఇంకో రైల్లో వస్తుంది. ఖుద్దూస్ పెళ్ళిలో నువ్వే ఆమెను ఢోలక్ దగ్గర్నుంచి లేపావు. ఇప్పుడు పిలిచి కూర్చోబెడతావా? అసలు కారణం ఏమిటి?

రికార్డుల పెట్టె, ప్లేయరూ స్పీకర్లతో సహా పంపుతున్నాను. నువ్వు వద్దన్నందుకు కాదు. పాస్టరమ్మ వచ్చి, ‘మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?’ అని అడిగి వెళ్ళింది. ఇక ఇక్కడ ఉంచలేను.

కుంకుడుకాయలు అయిపోవడం వల్ల బతికిపోయినవాటిలో ఒకటి, డీప్ పర్పుల్ అనే బ్యాండుది. చీరల కొట్లో రంగు అడిగినట్టుంది పేరు. అయిదుగురు. జపాను పోయి వాయించారు. రెండు రికార్డుల జత, రెండోది అప్పడమైంది, మొదటిది బాగుంది. రెండు వైపులా విను. వాయించేవాళ్ళ గురించి, పాడేవాడి గురించి నీ అభిప్రాయం రాయి. నేను నాది ముందుగా చెప్పను. ఇది పరీక్ష.

నీ
రాహేలమ్మ


తాండూరు,
8 జులై 1975

రాహేలా,

పెట్టె చేరింది. ఖుద్దూస్ బండల లారీల గడ్డి పరిచి తెచ్చిండు.

ముందుగాల ఒక మాట అడుగుత. ఎమర్జెన్సీ వచ్చినంక ఇక్కడ అందరు గొంతులు తగ్గించిండ్రు. బజార్ల పెదవులు ఆడ్తయి, మాట రాదు. కూరగాయల హన్మమ్మ, ఊరంత లేపేటట్టు వంకాయలమ్మే మనిషి, ఇప్పుడు నోరు తెరుస్తది, మూస్తది, గంతే. రైళ్ళు గూడ కూత బంద్ చేసినయి. సర్కార్ హుకుం అయి ఉంటది. వికారాబాద్‌ల గూడ గిట్లనే ఉన్నదా?

ఇగ నీ పరీక్ష. జులేఖా స్పీకర్లను హాలుల బండ మీద పెట్టింది. నేను గోడకు ఒరిగి, కాళ్ళు సాపుకొని చిక్కుడుకాయలు తెంపుతున్న. ఒక దిక్కు అయింది. నాకేం అనిపియ్యలె. రెండో దిక్కు సగం అయినంక, అల్లా కసం రాహేలా, ఒక్క పోరడు ఢోల్ మొదలువెట్టిండు! మిగిలినోళ్ళు చేతులు కట్టుకొని నిలబడ్డట్టున్నరు. వాడొక్కడే. నడిచిండు, ఉరికిండు, ఆగినట్టు చేసి మళ్ళ ఉరికిండు. నాకు చిక్కుడుకాయలు ఒళ్ళెకెల్లి జారిపోయినయి. అయిపోయినంక జపానోళ్ళ చప్పట్లు, సంచిల కెల్లి జొన్నలు బండ మీద కుమ్మరించినట్టు. దినాం రెండు పాలి పెట్టిపిచ్చుకుంటున్న. ఆ పోరనికి మా అమ్మ ఉంటే కడియం తీసి ఇచ్చేది.

పాడే పోరని మాట అడిగినవ్. మంచి అదబ్ గలోడు. గొంతు లేపనే లేపడు, లోపట్లోపట్నే పాడుకుంటడు, అచ్చం మా నిసార్ లెక్క. గంత నెమ్మది పోరడు మీ పాస్టరమ్మకు ఎందుకు నచ్చలేదో నాకు సమజ్ కాలె.

పదికి ఎన్ని?

అష్రఫ్


వికారాబాద్,
14 జులై 1975

అష్రఫ్,

ఈ ఉత్తరానికి మార్కులు లేవు.

ఆ పాడే కుర్రవాడు నిప్పుల మీద నిలబెట్టినట్టు అరుస్తాడు. మొదటి వైపు రెండో పాటలో వాడు ఎత్తుకున్న కేకకు మా వీధి కుక్క రెండు రోజులు కనబడకుండా పోయింది. ఒంట్లో బాగాలేనిది ఎవరికని పాస్టరమ్మ అడిగింది వాడి గురించే.

వికారాబాద్‌లో రైళ్ళు కూస్తున్నాయి. తాండూరు మీదుగా వచ్చిన రైళ్ళే అవి. హన్మమ్మ నోరు మూయించగల సర్కారు ఇంకా పుట్టలేదు.

ఎన్నాళ్ళయింది?

ఈస్టరు మరునాడు నేను పిలిస్తే నువ్వు చూడలేదని రాసినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. హెడ్‌మిస్ట్రెస్‌గా ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు, ఇదే మొదటిది. నిజం రాయి. రెండు లైన్లయినా చాలు.

రాహేల్


తాండూరు,
2 ఆగస్టు 1975

రాహేల్,

నాలుగు ఇన్‌లాండ్ లెటర్లు చింపిన. ఇది అయిదోది.

రెండేండ్లయింది. ముందుగాల పిచ్చుకలు పోయినయి. తర్వాత కుక్కర్ కూత. తర్వాత జులేఖా గాజులు. ఆ పిల్ల ఏ అర్రల ఉన్నదో గాజులతోనే ఎర్కయితుండె. ఒక దినం తిరిగి చూస్తె నా పక్కనే నిలబడ్డది, ఎప్పుడొచ్చిందో తెల్వదు. మగోళ్ళ మాటల బరువు జర అందుతది గని మాట అందదు.

ఎవ్వలకు చెప్పలె. తప్పు నా చెవులది కాదు, ఎమర్జెన్సీది అని నాకు నేనే చెప్పుకున్న. కళ్ళద్దాలకని చెప్పి హైద్రాబాద్ పోయి చెవులు చూపిచ్చుకొని వచ్చిన. మిషన్ పెట్టుకొమ్మన్నడు డాక్టర్. చెవిల కెల్లి దారం, రైకల డబ్బా. పెండ్లిల నన్ను చూస్తరా, దారాన్ని చూస్తరా? వద్దని వచ్చిన. తల ఊపుడు నేర్చుకున్న. ఎదుటోళ్ళు నవ్వితె నవ్వుత. పోయిన నెల మగపెండ్లోళ్ళు వచ్చి ఏందో అడిగితె నవ్వుకుంట తల ఊపిన. వాళ్ళు పోయినంక తెలిసింది, బరాత్‌కు రెండొందల మందిని తోలుకొస్తమంటె నేను మస్తు ఖుషీగ ఒప్పుకున్ననట. ఖుద్దూస్ నా మొఖం చూసుడు బంద్ చేసిండు రెండు దినాలు.

ఢోలక్ గందుకే వద్దన్న. తాళం తప్పితె షరీఫా నవ్వుతది. నవ్వితె ఓర్చుకుంట. జాలి పడితె ఓర్చుకోలేను. గని జులేఖా మాంజాల మొదటి దెబ్బ నాది కాకుంటె, నేను ఆ ఇంట్ల గోడకు పెట్టిన పాత కుర్సీ లెక్క. గీ మాట ఇంకెవ్వలకు రాయలేను.

ఇంకో ముచ్చట. ఆ ఢోల్ నేను చెవులతోని వినలె. మా హాలుల ఒక బండ డొల్ల. దాని కింద మట్టి సరిగ్గ నింపలె, కొడితె బోలుగ మోగుతది. బండల వ్యాపారి ఇంట్ల డొల్ల బండ, ఖుద్దూస్‌కు శరం. ఆ దినం నా కాళ్ళు దాని మీదనే ఉండె. ఢోల్ అరికాళ్ళ కెల్లి మోకాళ్ళ దాక ఎక్కింది. చప్పట్లు గూడ. రెండేండ్ల తర్వాత నేను చప్పట్లు విన్న రాహేల్. జపానోళ్ళవి అయితె ఏంది.

అష్రఫ్


వికారాబాద్,
9 ఆగస్టు 1975

అష్రఫూ,

పదికి తొమ్మిది. మిగిలిన ఒకటి చెవి మిషను కోసం అట్టేపెట్టాను. మనుషులు దారాన్నే చూస్తారంటావు. హాస్టల్లో నా పళ్ళ తీగను ఏడాది పాటు చూసి నవ్వింది నువ్వే. నేను చచ్చిపోలేదు.

ఇక నా వైపు నిజం ఒకటి. పెట్టె నీకు పంపిన మర్నాటి నుంచి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. నా కూతురు ఆసుపత్రి డ్యూటీకి పోతుంది, మనవరాలు బడికి పోతుంది, నేను కూర్చుని గడియారం చూస్తాను. మొన్న కోడి కూస్తే ‘ఇంకోసారి’ అన్నాను. పాస్టరమ్మకు ఈ సంగతి తెలియనివ్వకు.

పామెలాకు ఆరు అప్పడాల సంగతి రాసి క్షమాపణ అడిగాను. జవాబు వచ్చింది. రైల్లో చదివి నవ్వితే పక్కవాళ్ళు జరిగి కూర్చున్నారట. రికార్డులు మనల్నే ఉంచుకోమంది. ఒక మాట కూడా రాసింది. తలుపులు వేసుకుని పాడేవాడు తప్పితే ఆపి మళ్ళీ పాడతాడు, జనం ముందు పాడేవాడు తప్పితే జనమే వాణ్ణి పట్టుకుని నడిపిస్తారు, అందుకే తనకు ఆ రికార్డులంటే ఇష్టమని. నేను కుంకుడు రసంతో వదిలించాలని చూసింది ఆ జనాన్నే.

కాబట్టి టైంటేబుల్. ఒకటి, రోజూ పదకొండు గంటలకు, ఖుద్దూస్ గనికి పోయాక, డొల్ల బండ మీద కూర్చుని ఆ జపాను ఢోలుతో పాటు ఢోలక్ వాయించు. రెండు, జులేఖాకు చెప్పు. ఒంటరిగా మోయకు. మూడు, వేళ్ళ నొప్పి అబద్ధం షరీఫా దగ్గర కూడా వెనక్కి తీసుకో. మూడోది నీకు నచ్చదని తెలుసు, అందుకే చివర పెట్టాను.

నీ
రాహేల్


తాండూరు,
5 సెప్టెంబరు 1975

రాహేల్,

రెండోది నేను చేయకముందే అయిపోయింది. జులేఖా దొంగచాటుగ పరీక్ష పెట్టింది. నేను ఢోలక్ వాయిస్తుంటె తలుపు ఎనక నుంచి ‘దాదీ, ఇల్లు అంటుకుంది’ అన్నదట. నేను వాయిస్తనే ఉన్న. మెల్లగ వచ్చి సూది లేపింది. లేపినంకనే నా చేయి ఆగింది, ‘ఎందుకు తీసినవ్?’ అని కసిరిన. ఆ పిల్ల నా ముందల కూసుండి ఏడ్చింది, మళ్ళ నవ్వింది, మళ్ళ సూది పెట్టింది. ఇప్పుడు ఆమె చెంచాతోని పక్క తాళం వేస్తది. ఇంగ్లండు పోరనికి మేమిద్దరం సరిపోతం.

మూడోది చేయలె. షరీఫాకు ఏం రాయను? ఆమె కొత్త ఢోలక్ గూడ కొన్నదట.

పరేషాన్ ఏందంటె, ఖుద్దూస్ డొల్ల బండ తీపిస్తడట. రెండొందల మంది వస్తున్నరు, బండల వ్యాపారి ఇంట్ల బండ బోలుగ మోగితె ఇజ్జత్ పోతదట. రెండు పాలి మేస్త్రీని తోలిండు. రెండు పాలి నేను పోయి బండ మీద కూసున్న, మోకాళ్ళు పట్టుకున్నయి, లేవలేనన్న. మేస్త్రీ చంద్రప్ప మా ముంగిట్ల బీడీ తాగి పోయిండు. మూడో పాలి వస్తె ఏం చెప్పాలె?

ఎల్లుండి నుంచి రంజాన్. నెల దినాలు రికార్డు బంద్, ఢోలక్ బంద్. పండుగ అయినంక పది దినాలె మిగుల్తయి. చేయి మర్చిపోతె?

అష్రఫ్


వికారాబాద్,
11 అక్టోబరు 1975

అష్రఫూ,

నువ్వు పంపిన షీర్ ఖుర్మా అందింది. ఖుద్దూస్ దారిలో కొంత తాగాడు, మూత చెప్పింది.

చేయి మర్చిపోదు. ముప్పై నాలుగేళ్ళు ఎక్కాలు చెప్పినదాన్ని, నా మాట నమ్ము. నెల సెలవుల తర్వాత పిల్లలు మర్చిపోయేది ఎక్కాలు కాదు, భయం. భయం కూడా మొదటి వారంలోనే గుర్తొస్తుంది అనుకో.

చంద్రప్ప మూడోసారి వస్తే మళ్ళీ కూర్చో. మాంజా అయ్యేదాకా ఆ బండ నీది.

నేను 18న పొద్దుటి ప్యాసింజరుకు వస్తున్నాను. ప్లాట్‌ఫారం మీద ఉండు. ఈసారి కేక వేయను. దిగి, గొడుగుతో ప్లాట్‌ఫారం బండను మూడుసార్లు కొడతాను. చెప్పులు విప్పి నిలబడు.

షరీఫా సంగతి వచ్చి నేను చూస్తాను. ఎనిమిది అంశాలతో ఒక పథకం రాసి సంచిలో పెట్టుకున్నాను.

నీ
రాహేల్


వికారాబాద్,
24 అక్టోబరు 1975

అష్రఫూ,

ఆ రోజు నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను. మళ్ళీ రాయడమెందుకు అంటావు. నీకు సగమే అందింది. మిగతా సగం నా దగ్గర ఉంది. పంపుతున్నాను.

స్టేషనులో మూడుసార్లు కొడదామనుకున్నాను, రెండోదానికే తిరిగావు. గొడుగు కొన విరిగింది. స్టేషను మాస్టరు, ‘మళ్ళీ మీరేనా అమ్మా’ అన్నాడు. అది నీకు వినబడలేదు.

హాల్లోకి వచ్చేసరికి నా పథకం అక్కడికక్కడే చచ్చింది. ఖుద్దూస్ నేల కనబడకుండా పరుపులు వేయించి, పరుపుల మీద గాలీచాలు పరిపించాడు. డొల్ల బండ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఎనిమిది అంశాల్లో గాలీచా లేదు. అరవై మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. పసుపు చీరలో జులేఖా తల వంచుకుని ఉంది, పెళ్ళికూతురు ఆ రోజు తలెత్తకూడదు కదా. షరీఫా కొత్త ఢోలక్ ఒళ్ళో పెట్టుకుని నీ వైపు చూస్తోంది. నువ్వు గాలీచా మీద అరికాలు ఆనించి చూసుకున్నావు, ఒకసారి, రెండుసార్లు. నీ ముఖం నేను చూశాను.

అప్పుడు నువ్వు, ‘లేవండ్రి అందరు! పరుపులు తీయండ్రి!’ అన్నావు. ఎంత గట్టిగా అన్నావో నీకు తెలియదు. వాకిట్లో బండి పక్కన కట్టేసిన ఎద్దు లేచి నిలబడింది. ‘నాకు చెవులు వినబడ్తలేవు. రెండేండ్లాయె. నేను బండ మీద కూసుంటెనే నాకు వినబడ్తది. నా మనవరాలి మాంజా, నేనే వాయిస్త.’

గది నిశ్శబ్దమైపోయింది. ముప్పై నాలుగేళ్ళలో నేను సాధించలేని నిశ్శబ్దం. అది నీకు ఎలాగూ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

షరీఫా లేచింది. ఢోలక్ నీ ఒళ్ళో పెట్టి, నీ చెవి దగ్గర కాదు, నా వైపు తిరిగి ఏడుస్తూ అంది. ‘రెండేండ్ల నుంచి నేను ఎంత తప్పు వాయించినా ఈ అష్రఫ్ ఆపా ఒక్క పాలి తిట్టలె. నా మీద పాయిరం పోయిందనుకున్న. కొత్త ఢోలక్ గందుకే కొన్న, గప్పుడన్న తిడ్తదేమోనని.’ ఏడుస్తూనే మొదటి పరుపు చుట్టడం మొదలుపెట్టింది. నువ్వు జాలికి భయపడ్డావు. ఆమె తిట్ల కోసం ఎదురుచూసింది. ఇద్దరికీ పదికి సున్నా.

పరుపులన్నీ పోయాక నువ్వు బండ మీద కూర్చున్నావు. మొదటి దెబ్బ వేశావు. ఆ దెబ్బ ఎలా ఉందంటే, ట్రంకు పెట్టె మీద విన్నదే. నలభై ఏడేళ్ళు దాని మీద దుమ్ము కూడా పడలేదు. పాట లేచింది. రెండో చరణంలో నువ్వు అర దెబ్బ వెనకబడ్డావు. నీకు తెలిసింది, నీ కళ్ళలో చూశాను. అప్పుడు షరీఫా అరచేత్తో బండను కొట్టింది. ఆమె పక్కది కొట్టింది. చూస్తుండగా అరవై మంది అరచేతులు నేల మీద. నీ చేయి దారిలో పడింది. తలెత్తకూడని పెళ్ళికూతురు తలెత్తకుండానే రెండు చేతులా కొట్టింది. షరీఫా మాత్రం ఆ ఒక్క దెబ్బ తర్వాత మళ్ళీ తాళం తప్పింది. అదీ నీకు వినబడి ఉంటుందిలే, ‘షరీఫా! ఎటు పోతున్నవే!’ అని కసిరావు. ఆమె ముఖం వెలిగిపోయింది.

పాట అయ్యాక వచ్చిన చప్పుడు రాయాలి. ముందు గాజులు. వందల గాజులు ఒక్కసారి. తర్వాత చప్పట్లు, తర్వాత ఈల. ఈల ఎవరు వేశారో చెప్పను, హెడ్‌మిస్ట్రెస్ పరువు సంగతి. జపానువాళ్ళు బాగానే కొట్టారు కానీ, వాళ్ళకు గాజులు లేవు.

పెళ్ళి అయిన మర్నాడు ఖుద్దూస్ నన్ను రైలెక్కిస్తూ చెప్పాడు. వాకిట్లో నిలబడి అంతా విన్నాడట. ‘అత్తమ్మా, ఆ బండ నేను జన్మల తియ్య. కావాలంటె ఇంకో నాలుగు డొల్లగ పరిపిస్త’ అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి పక్కకు తిరిగాడు, నేను టీ కొట్టు చూస్తున్నట్టు నటించాను.

ఈ ఉత్తరం నీ లైవ్ రికార్డు అనుకో. కడగకు.

నీ
రాహేల్


తాండూరు,
30 నవంబరు 1975

రాహేల్,

నీ ఉత్తరం షరీఫాకు చదివి వినిపిచ్చిన, నా కండ్లు ఆగకుండె. ఈల ముచ్చట కాడ ఆమె నవ్వు ఆపలేక దగ్గింది. ఊరంతకు తెలిసిపోయింది, ఇగ దాచుకోకు.

నీ దగ్గరున్న ఆ ఒక్క మార్కు పంపు. మిషన్ పెట్టుకున్న. జులేఖా, నిసార్ హైద్రాబాద్ తోలుకపోయిండ్రు. నిసార్ గొణగడు. మంచిగనే మాట్లాడ్తడు, జర ఎక్కువే మాట్లాడ్తడు. ఇంటికొస్తె ముందుగాల జులేఖా గాజులు విన్న. తర్వాత హన్మమ్మను విన్న. ఎమర్జెన్సీ ఆమె గల్లీ దాక రానేలేదు.

తర్వాత అందరిని కూసోబెట్టి, నేనే నా చేతితోని నీ రికార్డు పెట్టిన. మొదటి దిక్కు. ఆ నెమ్మది పోరడు, అదబ్ గలోడు, రెండో పాటల నోరు తెరిచిండు.

యా అల్లా! రాహేల్, వాన్ని ఎవరన్న పొడుస్తున్నరా? గిన్ని దినాలు నేను గీన్ని నా మనవరాలి మొగనితోని పోల్చిన! గోడ మీది పిల్లి పడ్డది. నేను చెవిల కెల్లి మిషన్ పీకి ఒళ్ళె పెట్టుకున్న. మీ పాస్టరమ్మకు నా సలాం చెప్పు, ఆమె తప్పేం లేదు.

గని రికార్డు ఆపలె. ఢోల్ ఉన్న రెండో దిక్కుకు తిప్పిపిచ్చిన. మిషన్ రైకల దాసుకొని, చెప్పులు విడిచి, డొల్ల బండ మీద కాళ్ళు సాపుకొని కూసున్న. షరీఫా ఒక దిక్కు, జులేఖా ఒక దిక్కు. వచ్చే శనివారం నువ్వు గూడ రా, మధ్యల జాగ ఉంచుత. గొడుగు కొత్తది కొని పెట్టిన.

నీ
అష్రఫ్